రాజమణికి నంబరు ప్లేటు

తిరపతమ్మ బర్రె రాజమణి తాడు తెంపుకుని దొడ్డి వెనక చేలో పడి కడుపారా మేసింది. ఏ ఊళ్ళో జరిగినా ఇలాంటి వాటికి చేనుగలాయన నాలుగు తిట్లు తిడతాడు, బర్రెగలామె ఎనిమిది తిడుతుంది, అక్కడితో సరి. పైగా ఆ చేను తిరపతమ్మ మొగుడు పేరయ్యదే కాబట్టి తిట్టుకునే పని కూడా లేదు. కానీ మేకలదిన్నెలో రాజమణి నమిలింది జొన్న కాదు. చూడ్డానికి జొన్నే, మొలిచింది జొన్నలాగే, పక్షులు వాలేదీ జొన్న మీద వాలినట్టే. ప్రభుత్వం వారి ఉత్తర్వు ప్రకారం మాత్రం అది ఇంధనం.

సంగతేమిటంటే, పట్నంలో సస్యేంధన మండలి అని ఒకటి పెట్టారు. మోటారు బళ్ళకి కావలసిన నూనె సముద్రాలవతల నుంచి తెప్పించుకోవడం ఎందుకు, మన చేలల్లోనే పండిద్దాం అన్నది దాని ఆశయం. మంచి ఆశయమే, కాదనడానికి మనమెవరం! మండలి శాస్త్రవేత్తలు చెదపురుగు పొట్టలో కాపురముండే సూక్ష్మజీవి నుంచి ఒక జన్యువు లాగి జొన్న విత్తనంలో పెట్టారు. దాంతో దంటు మెత్తబడింది, రసం తియ్యగా ఊరింది. ఆ రసాన్ని పులియబెట్టి కాస్తే బళ్ళు నడిపే సారా దిగుతుందన్నారు.

అయితే కొత్త జన్యువు పెట్టిన పంటను ముందు ఎలుకలకి పెట్టి చూడాలి, ఆ తర్వాత కోళ్ళకి, ఆ తర్వాత మేకలకి. ఏళ్ళ తరబడి వాటి కడుపులూ కాలేయాలూ వాటికి పుట్టే పిల్లలూ ఎలా ఉన్నాయో కనిపెట్టి ఉండాలి. అది చట్టం. మండలి డైరెక్టరు డాక్టర్ అనంతపద్మనాభం గారికి అంత ఓపికా లేదు, రిటైర్మెంటుకి అంత గడువూ లేదు. ఆయన చట్టాన్ని వీసమెత్తు మీరకుండా ఒక ఉపాయం కనిపెట్టారు. తినేదైతే కదా తినిపించి చూడటం! ఇది తినేది కాదు, తగలబెట్టేది. ఒక్క పేజీ ఉత్తర్వుతో ఆ జొన్నను పంటల జాబితాలోంచి తీసి ఇంధనాల జాబితాలో పెట్టేశారు. పెట్రోలును ఎలుకలకి తాగించి చూసినవాడు ఎవడైనా ఉన్నాడా అని ఆయన సభలో అడిగితే చప్పట్లు మోగిపోయాయి.

ఒకసారి ఇంధనం అన్నాక ఇంధనంలాగే చూడాలి కదా. ప్రయోగానికి మండలి వారు ఆ జొన్న వేయించిన పేరయ్య ఎకరం చేను చుట్టూ ఇనప కంచె వేసి ‘పొగ తాగరాదు’ అని బోర్డు పెట్టారు. గట్టు పొడుగునా ఇసక నింపిన ఎర్ర బక్కెట్లు వేలాడదీశారు. వాటిల్లో పిచికలు గూళ్ళు పెట్టుకున్నాయి. ఇనుము రాయికి తగిలితే నిప్పు రవ్వ లేస్తుందని కొడవళ్ళూ పారలూ నిషేధించారు. కలుపు తీసే ఆడవాళ్ళు గాజులు తీసి, మెట్టెలు తీసి, గేటు దగ్గర అప్పగించి లోపలికి పోవలసి వచ్చింది. మొగుడు బతికుండగా మెట్టెలు తీయడమేమిటని ఒకరిద్దరు ఎదురు తిరిగితే, మెట్టెలకి గుడ్డ పీలికలు చుట్టుకుని రావచ్చని మండలి వారు పెద్ద మనసుతో సవరణ ఇచ్చారు.

ఇంత జాగ్రత్తలోనూ ఎవరూ తలచుకోనిది రాజమణి నోరు. దంటును మెత్తగా, తియ్యగా చేశామని మండలి వారు దేశమంతా చాటారు గానీ, మెత్తటి తియ్యటి దంటంటే లోకంలో అందరికన్నా ముందు ఎవరికి ఇష్టమో ఒక్కరూ ఆలోచించలేదు. రాజమణికి ఎవరూ చాటి చెప్పనక్కరలేకపోయింది. గాలి అటునుంచి వీచింది, తాడు తెగింది, కంచె వంగింది.

చేను కాపలావాడు ఫోను చేసిన గంటకి మండలిలో అత్యవసర సమావేశం పెట్టారు. పశువు ఇంధన జొన్నను మేసిందని ఒక అధికారి నోరు జారేసరికి అనంతపద్మనాభం గారు బల్ల గుద్దారు.

“మేసింది అన్న మాట ఈ గదిలో వినపడకూడదు. మేస్తే అది మేత. మేతైతే పంట. పంటంటే ఎలుకలు. ఎలుకలంటే పదేళ్ళు. పదేళ్ళ తర్వాత ఈ కుర్చీలో ఎవరుంటారో మీకు తెలుసా, నాకు తెలుసా?”

ఆయన కాసేపు కిటికీలోంచి రోడ్డు మీద పోయే లారీలను చూసి, మొహం వికసించగా ఇటు తిరిగారు. ఇంధనాన్ని స్వీకరించి, తద్వారా శక్తిని పొంది, ఒకచోటి నుంచి మరొకచోటికి కదిలే దాన్ని ఏమంటారని అడిగారు. మళ్ళీ తనే చెప్పారు. దాన్ని వాహనం అంటారు. కాబట్టి సదరు రాజమణి చర్య మేత కిందికి రాదు, ఇంధన వినియోగం కిందికి వస్తుంది. కాబట్టి మిగతాది రవాణా శాఖ వారు చూసుకుంటారు. సమావేశం కాఫీతో ముగిసింది.

మర్నాడు బ్రేకిన్‌స్పెక్టరు గురవరాజు జీపు దిగాడు. ఆయన చెడ్డవాడు కాదు పాపం. రూలు పుస్తకంలో ఏదుంటే అది చెయ్యడమే తప్ప వేరే ఆలోచన ఎరగని మనిషి. రాజమణి చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేసి, ముందు దీపాలు లేవనీ, పక్క అద్దాలు లేవనీ, ఎక్కడా నంబరు లేదనీ రాసుకున్నాడు. మలుపు తిరిగేటప్పుడు ఏమన్నా సూచన ఇస్తుందా అని పేరయ్యను అడిగాడు. ఖాకీ బట్టలు చూస్తేనే పేరయ్యకి నోరు తడారిపోతుంది. తోక ఊపుద్దండి, కాకపోతే ఎటు తిరిగినా రెండు పక్కలా ఊపుద్దండి అని నిజమే చెప్పాడు. బ్రేకుల సంగతి అడిగితే, దానికి ఆగాలనిపిస్తే ఆగుద్దండి అన్నాడు. గురవరాజు తల పంకించి, రిజిస్ట్రేషన్ లేకుండా ఇంధనం వాడుతున్న నేరానికి వాహనాన్ని స్వాధీనం చేసుకుంటున్నామని చదివి వినిపించాడు.

అప్పటిదాకా నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడ్డ తిరపతమ్మకి గుండెల్లో రాయి పడింది. రాజమణిది తొలిచూలు. పొదుగు దిగుతోంది, తోక మొదలు మెత్తబడుతోంది, ఇంకో పది రోజుల్లో ఈనేట్టుంది. దీని తల్లి దీన్ని ఈనుతూనే తిరపతమ్మ చేతుల్లోనే కళ్ళు మూసింది. తల్లి లేని దూడను సీసాతో పాలు పోసి, చలికాలమంతా గోతాం కప్పి, పక్కన పడుకుని బతికించుకుంది తిరపతమ్మ. పరాయి మనిషి చెయ్యి వేస్తే ఇప్పటికీ ఒప్పుకోదు.

“అయ్యా, అది బర్రె. బండి కాదు. నిండు చూలుతో ఉంది. దీని తల్లి ఈనలేకే చచ్చిపోయింది. నేను దగ్గర లేకపోతే ఇదీ ఆగమై పోద్ది.”

గురవరాజు ఎంతో మర్యాదగా, ఆవిడ చెప్పేదంతా పశువైద్య శాఖకి సంబంధించిన విషయమనీ, తన పరిధి నాలుగు చక్రాలూ తత్సమానమైనవీ మాత్రమేననీ వివరించాడు. రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డు మీద నడిపించకూడదు కాబట్టి రాజమణిని లారీ ఎక్కించారు. తిరపతమ్మ కూడా ఒక చాపా చెంబూ పట్టుకుని అదే లారీ ఎక్కింది. పేరయ్య సైకిలు మీద వెనకాల పోయాడు.

టౌనులో రవాణా ఆఫీసు వెనక పట్టుబడ్డ బళ్ళ దొడ్డి ఉంది. ఇసక లారీకీ, అద్దాలు పగిలిన ఆటోకీ మధ్య రాజమణిని కట్టేశారు. మెడలో తాత్కాలిక నంబరు ప్లేటు వేలాడదీశారు. తిరపతమ్మ పక్కనే చాప వేసుకుంది. సాయంత్రం పేరయ్య పచ్చిగడ్డి మోపూ తవుడూ తెచ్చాడు గానీ గురవరాజు గేటు దగ్గరే ఆపేశాడు. ఈ బండికి ఆమోదించిన ఇంధనం ఇంధన జొన్న ఒక్కటే, దాంట్లో గడ్డీ తవుడూ కలిపితే అది కల్తీ ఇంధనం, కల్తీ నేరానికి జైలు అన్నాడు. పేరయ్య ఆ మోపును అక్కడే పారేసి, తన చేలోకి పోవడానికి తనే మండలి వారి అనుమతి తీసుకుని జొన్నదంట్లు చేత్తో విరుచుకొచ్చి వేశాడు. రాజమణి మాత్రం ఈ ఏర్పాటు బాగానే ఉందన్నట్టు కళ్ళు అరమోడ్చి నమిలింది. రోజులు గడిచేకొద్దీ దాని ఒళ్ళు నిగనిగలాడింది.

దాని ఒళ్ళు నిగనిగలాడేకొద్దీ తిరపతమ్మకి దిగులు పెరిగింది. చెదపురుగు పొట్టలోదేదో పెట్టారంటున్నారు, ఇది తింటే లోపలి దూడకి ఏమన్నా అవుతుందా అని గురవరాజును అడిగింది. ఇంధనం వల్ల బండికి హాని ఉండదన్నాడాయన. తనిఖీకి అనంతపద్మనాభం గారు వస్తే ఆయన్నీ అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, “అమ్మా, ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు” అన్నారు. ఉత్పన్నం కాకపోవడమంటే ఏమిటో ఆవిడకి తెలియలేదు. అవునో కాదో చెప్పకుండా జవాబు చెప్పే విద్య ఒకటి ఉందని మాత్రం తెలిసింది.

బండిని వదలాలంటే పొగ పరీక్ష నెగ్గాలన్నారు. పరీక్ష చేసేవాడు గొట్టం పట్టుకుని వెనక్కి వెళ్ళి ఎక్కడ పెట్టాలో తేల్చుకునేలోపే రాజమణి తోక ఒకసారి అతని చెంప మీద ఆడించి, మిషను మీద పేడ వేసింది. ముల్లు చివరిదాకా పోయి అక్కడే ఇరుక్కుపోయింది. అంత పొగ వదిలే బండిని తన సర్వీసులో చూడలేదన్నాడు అతను, మొహం కడుక్కుంటూ. సర్టిఫికెట్ రాలేదు, రాజమణి కదలలేదు.

ఒక మధ్యాహ్నం ఇసక లారీ నీడలో రాజమణికి నొప్పులు మొదలయ్యాయి. లేస్తుంది, పడుకుంటుంది, మెడ తిప్పి తన పక్కటెముకల వైపు చూసుకుంటుంది. తిరపతమ్మ చీర చెంగు నడుముకి చుట్టి కూర్చుంది. పేరయ్యను నీళ్ళకి పంపింది. గురవరాజు పరుగెత్తుకొచ్చి, ప్రభుత్వ ఆవరణలో లైసెన్సు లేకుండా వాహన తయారీ నిషిద్ధమని మొదలుపెట్టాడు. తిరపతమ్మ తల కూడా ఎత్తకుండా, ఆ గోతాం ఇటియ్యమంది. ఇచ్చాడు. దూడ ముందు కాళ్ళు కనపడ్డాక, గట్టిగా పట్టుకో, నేను చెప్పినప్పుడు లాగమంది. టోపీ తీసి పక్కన పెట్టి లాగాడు. కాసేపటికి పెయ్యదూడ గోతాం మీద పడి తుమ్మింది. తిరపతమ్మ దాని ముక్కూ నోరూ తుడిచి, కాళ్ళు లెక్కపెట్టి, చెవులు చూసి, తోక చూసి, అప్పుడు ఏడ్చింది. గురవరాజు చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత డ్యూటీ గుర్తొచ్చి డైరెక్టరు గారికి ఫోను చేశాడు.

సరిగ్గా ఆ సమయానికి అనంతపద్మనాభం గారి నెత్తి మీద ఇంకో కత్తి వేలాడుతోంది. జొన్నరసం నుంచి సారా కాచే ఫ్యాక్టరీ ఇంకా పునాదుల్లోనే ఉంది. మర్నాడు మంత్రిగారు ఆ పక్కకే వస్తున్నారు, ఇన్నాళ్ళ ఖర్చుకి మీ ఇంధనంతో ఒక్క బండైనా నడిచిందా అని అడగబోతున్నారు. ఫోను విన్న డైరెక్టరు గారికి ప్రాణం లేచొచ్చింది. నడవడమేమిటి, బండి బండిని కన్నది! ప్రపంచంలో ఏ మోటారు కంపెనీ ఇంతవరకు సాధించనిది ఇది. ఆయన ఆ సాయంత్రమే దొడ్డికి వచ్చి, పొదుగు నుంచి కారుతున్న ముర్రుపాలను చూసి, ఆయిల్ లీకవుతోందేమిటని గురవరాజును మందలించి, రాజమణి ఇకనుంచి మండలి వారి నమూనా వాహనమనీ, ప్రజల ఆస్తి అనీ, దాన్ని పట్నంలో ప్రదర్శనకు పెడతామనీ ప్రకటించారు.

తిరపతమ్మకి ఇన్నాళ్ళూ సర్టిఫికెట్ వస్తే ఇస్తారన్న ఆశన్నా ఉండేది. ఇప్పుడు గొప్పదైపోయింది కాబట్టి అసలివ్వరు. ఆవిడ దూడను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది.

మర్నాడు దొడ్డి ముందు షామియానా వేశారు. మంత్రిగారు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. రాజమణికి దండ వేసి, ఇంధన స్వావలంబన దిశగా ఇది తొలి అడుగు అని అనంతపద్మనాభం గారు సుదీర్ఘంగా ఉపన్యసించారు. మంత్రిగారు పచ్చజెండా ఊపారు. రాజమణి దండలో బంతిపూలు తినడం మొదలుపెట్టింది. మళ్ళీ ఊపారు. ఇద్దరు నెట్టారు, నలుగురు లాగారు. గురవరాజు వంగి కిందా మీదా వెతికాడు, గేరు దొరకలేదు. మంత్రిగారి నవ్వు సన్నబడుతోంది. అనంతపద్మనాభం గారు చెమటలు కక్కుతూ తిరపతమ్మ దగ్గరికొచ్చి, ఇది ఎలా కదులుతుందమ్మా అని గొంతు తగ్గించి అడిగారు.

“దూడ ఎటు పోతే అటు పోద్దయ్యా” అంది తిరపతమ్మ.

అయితే అలాగే కానిమ్మన్నారు. తిరపతమ్మ దూడను భుజానికెత్తుకుని గేటు దాటి నడిచింది. రాజమణి ఒక్క అరుపు అరిచి వెనకాలే కదిలింది. చప్పట్లు మోగాయి. తిరపతమ్మ షామియానా చుట్టూ తిప్పి తెస్తుందని అందరూ అనుకున్నారు. ఆవిడ తిప్పలేదు. మేకలదిన్నె రోడ్డు పట్టింది. కెమెరాలు తిరుగుతున్నాయి, మంత్రిగారు మురిసిపోతున్నారు, ఆపమని ఎవరంటారు! ఆపితే బండి ఆగిపోయినట్టు. మంత్రిగారు కాసేపు చూసి, ఇంకో శంకుస్థాపన ఉందని వెళ్ళిపోయారు. డైరెక్టరు గారూ గురవరాజూ మాత్రం ఎర్రటి ఎండలో నమూనా వాహనం వెనకాల ఊరిదాకా నడిచారు.

తిరపతమ్మ రాజమణిని సొంత గాటికి కట్టి కుడితి పెట్టింది. డైరెక్టరు గారు అరుగు మీద చతికిలబడి, లారీ రాగానే వాహనాన్ని మళ్ళీ ఎక్కించమన్నారు. లారీ డీజిలు అయిపోయి దారిలో ఆగిందని కబురొచ్చింది. ఈలోపు గురవరాజు దొడ్డి గోడకి ఒక నోటీసు అంటించాడు. ఇది ఇంధన వాహనం నిలిపిన స్థలమనీ, చుట్టుపక్కల పొయ్యి వెలిగించరాదనీ అందులో ఉంది. ఎండన పడి వచ్చారు, కాసేపు కూర్చోండయ్యా, ఏదన్నా పెడతానంది తిరపతమ్మ. దూడకి వదిలి, మిగిలిన ముర్రుపాలు చెంబులోకి పిండింది. బెల్లం కొట్టింది, మిరియాలూ యాలకులూ నూరి వేసింది. పొయ్యిలో పుల్లలు పేర్చి, ఎండు కాగితం కోసం అటూ ఇటూ చూసి, గోడ మీది నోటీసును చించి అంటించింది. జున్ను ఉడుకుతున్న వాసన వచ్చేసరికి ఆ సంగతి గమనించే స్థితిలో ఇద్దరూ లేరు.

ఇత్తడి గిన్నెల్లో పెట్టిచ్చింది. డైరెక్టరు గారు మొదటి గిన్నె మాట్లాడకుండా తిన్నారు. రెండోది మెచ్చుకుంటూ తిన్నారు. మూడోది అందుకోబోతుంటే తిరపతమ్మ గుంజకి ఆనుకుని నిదానంగా అడిగింది.

“ఇంధనం పడితే కదిలేదంతా బండేనన్నారు గదయ్యా. అది తిన్న జొన్నే ఈ పాలు. ఈ పాలే మీరు తిన్న జున్ను. మరి మీరిద్దరూ ఏంది?”

గురవరాజు చెయ్యి గిన్నె మీదే ఆగింది. ఆయన రూలు పుస్తకం మనసులోనే మొదటి నుంచి చివరిదాకా తిరగేసి, బిక్కమొహం వేసుకుని, సార్, ఆ లెక్కన మనకి కూడా నంబరు ఉండాలండి అన్నాడు.

అనంతపద్మనాభం గారు ఆ మాట వినలేదు. ఆయనకి వేరే ఏదో గుర్తొచ్చింది. ఎలుకలు గుర్తొచ్చాయి. కోళ్ళు, మేకలు, వాటి కడుపులు, కాలేయాలు గుర్తొచ్చాయి. చెయ్యి మెల్లగా పొట్ట మీదికి పోయింది.

“ఏమయ్యా, తినగూడదా? దీనివల్ల దూడకి గానీ మనుషులకి గానీ ఏమన్నా అవుద్దా?” అంది తిరపతమ్మ.

ఉత్పన్నం అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి, జున్ను తగిలి వెనక్కి పోయింది. “తెలియదమ్మా” అన్నారు. ఈ వ్యవహారమంతటిలో మండలి వారు చెప్పిన మొదటి నిజం అదే. “ఎవరం చూడలేదు.”

రాజమణి దూడను నాకుతోంది. అప్పుడు తిరపతమ్మ, అయితే అది బర్రేనా అయ్యా అని అడిగింది. ఆయన తనను తాను ఒకసారి పైనుంచి కిందిదాకా చూసుకుని, బర్రేనమ్మా అన్నారు. మరి మంత్రిగారు జెండా ఊపిన బండిని కాగితాల్లో ఏం చెయ్యాలని గురవరాజు ఆందోళన పడ్డాడు. బాగుచేయడానికి వీలుకాని వాహనంగా తేల్చి తుక్కు కింద కొట్టేయమన్నారు డైరెక్టరు గారు. తుక్కు ఎవరి ఇంటి దగ్గరుంటే వాళ్ళదే. గురవరాజు రాజమణి మెడలోంచి నంబరు ప్లేటు విప్పి, కాస్త భయపడుతూనే దాని నుదురు నిమిరాడు. రాజమణి ఊరుకుంది.

వాళ్ళు వెళ్ళాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. తొలిచూలు బర్రె ఈనితే జున్ను పంచకుండా ఎవరుంటారు! తిరపతమ్మ మాత్రం ఎవరికీ పెట్టలేదు. రేపు రండమ్మా, రేపటి పాలతో వండి అందరికీ పెడతానని పంపేసింది. మిగిలిన జున్ను మీద నంబరు ప్లేటు మూత పెట్టి, తనూ ముట్టుకోకుండా పడుకుంది.

తెల్లారగానే పేరయ్యను టౌనుకు పంపింది. సైకిలు మీద పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఇద్దరినీ రవాణా ఆఫీసులో కళ్ళారా చూశానన్నాడు. గురవరాజు ఎవరికో లైసెన్సు లేదంటున్నాడట. ఇంకా పట్నం పోని డైరెక్టరు గారు అక్కడే ఇంధన వేరుశనగ గురించి మీటింగు పెట్టారట. ఇద్దరిలోనూ మునుపటికీ ఇప్పటికీ తేడా ఏమీ లేదన్నాడు.

తిరపతమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. వీధిలోకి వెళ్ళి, జున్నుకి గిన్నెలు తెచ్చుకోండమ్మా అని కేకేసింది.